తునిలో చదివినవాళ్లు

జూన్ 18

మందుల కంపెనీవాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఆరు నెలలుగా బీరువాలో చీరల కింద పడి ఉంది. ఇరవై రెండేళ్లుగా కేసు షీట్లు తప్ప ఏమీ రాయని చెయ్యి నాది. ఎవరితోనూ అనలేని మాటలు ఎక్కడో ఒకచోట దించుకోవాలని ఇవాళ బయటికి తీశాను.

హైదరాబాద్‌లో ఒక వెబ్ పత్రిక ఉంది. దాని పేరు నా చేత్తో రాయను. పదకొండో తారీఖున వాళ్లు పసిపిల్లల్ని అమ్ముకునే ముఠా గురించి ఒక కథనం వేశారు. అందులో ‘తునికి చెందిన నర్సు లోవమ్మ’ అని రాసి, పక్కన నా ఫొటో పెట్టారు. నర్సుల దినోత్సవం నాడు శాలువా కప్పినప్పటి ఫొటో. పోలీసులకి పట్టుబడిన ఆవిడ ఎవరో, ఎక్కడో దూరాన పనిచేసే మరో లోవమ్మ. తుని చుట్టుపక్కల లోవమ్మలకేం కరువు? తలుపులమ్మ తల్లి కొలువున్న లోవలో మొక్కుకుంటే పుట్టిన ప్రతి ఆడపిల్లా లోవమ్మే. ఒకసారి మా వార్డులో కాన్పుకి వచ్చినావిడా లోవమ్మే, పురుడు పోసిన నేనూ లోవమ్మనే, పుట్టిన పిల్లకి పెట్టిందీ ఆ పేరే.

కథనం వచ్చిన నాలుగు రోజులదాకా నాకు తెలియనే తెలియదు. మా ఆయన చంద్రరావుగారు కరెంటాఫీసులో లైన్‌మన్. పన్నెండో తారీఖు పొద్దున్న ఇంట్లో నెట్ పోయింది. “ఎక్కడో ఫాల్టు ఉందిట, చూస్తున్నారు” అన్నారు. నా ఫోను రీచార్జి చేయించడం మర్చిపోయానన్నారు. ఆయన ఏదీ మర్చిపోయే మనిషి కాదు. పదిహేనో తారీఖున మా నర్సింగ్ హోమ్ డాక్టరు రత్నమాణిక్యం గారు నన్ను గదిలోకి పిలిచి, తన ఫోనులో చూపించారు.

“అది నువ్వు కాదని నాకు తెలుసు లోవమ్మా. కానీ పేషెంట్లకి తెలియదు కదా. కొన్నాళ్లు ఇంటి దగ్గర ఉండు.”

ఇంటికొచ్చి చూస్తే మా ఆయన వంటింట్లో బెండకాయలు తరుగుతున్నారు. నా మొహం చూసి, లేచి వెళ్లి నెట్ డబ్బా వైరు తిరిగి పెట్టారు.

జూన్ 19

మా వీధిలో ఎవరూ చదవలేదు. అదొక్కటే అదృష్టం.

జూన్ 22

పాపాయి వదిన పది రోజులుగా రావడం లేదు. మూడిళ్ల అవతలే ఉంటుంది. వరసకి ఏమీ కాదు గానీ, నేను ఈ వీధికి కాపురానికి వచ్చిన రోజునుంచీ వదినే. సాయంత్రం నాలుగైతే మా అరుగు మీద కూర్చుని వారపత్రికలో సీరియల్ పైకి చదువుతుంది, నేను వింటూ బట్టలు మడతపెడతాను. మోకాళ్ల నొప్పులు తిరగబెట్టి ఉంటాయి. ఈ ముసురుకి అలాగే ఉంటుంది.

ఆవిడ కోడలు పావనికి తొమ్మిదో నెల. పురుడు నా చేతుల మీదే పోయాలని శ్రీమంతం నాడే మాట తీసుకున్నారు.

జూన్ 29

కాకినాడ కాలేజీ నుంచి మా అమ్మాయి హారతి వచ్చింది. “అమ్మా, ఊరుకుంటే నిజమనుకుంటారు” అని లాయరు మురళీకృష్ణ గారి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన నోటీసు పంపారు. మర్నాడే ఆ ఫొటో తీసేశారు. పొరపాటైందని ఒక్క ముక్క లేదు. నా ఫొటో ఉన్నచోట ఇప్పుడు ఎవరిదో ఉయ్యాల బొమ్మ ఉంది.

జూలై 10

పావనికి నిన్న కాకినాడలో మగపిల్లాడు పుట్టాడు. పాలు పోసే బుల్లియ్య చెప్పాడు. తల్లీ బిడ్డా క్షేమం.

కాకినాడలో పెద్ద పెద్ద డాక్టర్లుంటారు. మంచిదే. తొలి కాన్పు కదా, భయపడి ఉంటారు. హడావుడిలో నాకు చెప్పడానికి తీరిక ఉండదు.

జూలై 11

మంచిదే.

జూలై 24

తుని కోర్టులో దావా వేశాం. తప్పని అచ్చు వేయాలని, పరువునష్టానికి పరిహారం ఇవ్వాలని. పరువుకి ఎంత అడగాలని లాయరుగారు అడిగితే నాకు సిగ్గేసింది. అంకె మీరే వేసుకోండి అన్నాను.

“హైదరాబాద్ వాళ్ల మీద ఇక్కడ వేయొచ్చాండీ? ఇప్పుడది పక్క రాష్ట్రం కదా” అని అడిగాను.

“పరువు ఎక్కడ పోతుందమ్మా? రాసిన చోట కాదు, చదివిన చోట పోతుంది. హైదరాబాద్‌లో మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఎవరున్నారు? అక్కడ పోవడానికి మీకు పరువేదీ?” అన్నారాయన. నవ్వొచ్చింది. నెల దాటాక మొదటిసారి.

చట్టంలో పందొమ్మిదో సెక్షన్ అని ఉందట. ప్రతివాది ఉండే ఊళ్లో వేయాలా, నష్టం జరిగిన ఊళ్లో వేయాలా అన్నది వాది ఇష్టమేనట.

సెప్టెంబర్ 12

పత్రికవాళ్లు జవాబు ఇవ్వలేదు. దానికి బదులు ఒక పిటిషన్ పెట్టారు. ఈ దావా వినే అధికారం తుని కోర్టుకి లేదు, వాపసు ఇచ్చేయండి, కావాలంటే ఆవిడ్ని హైదరాబాద్ వచ్చి వేసుకోమనండి అని. మాకు తునిలో ఆఫీసు లేదు, ఏజెంటు లేడు, మాది కాగితం మీద అచ్చయ్యే పత్రికే కాదు. ఇంటర్నెట్‌లో ఉన్నది ప్రతి ఊళ్లోనూ ఉన్నట్టే అనుకుంటే దేశంలో ఉన్న ప్రతి కోర్టు మెట్లూ ఎక్కాల్సి వస్తుంది అన్నారు. లాయరుగారు తెలుగులో చెబుతుంటే విన్నాను. ఆ మాటలో ఏదో న్యాయం ఉన్నట్టే అనిపించింది. పైకి అనలేదు.

చివరి వాక్యం మాత్రం రెండుసార్లు చదివించుకున్నాను. ‘తునిలో ఒక్కరైనా ఈ కథనాన్ని చదివినట్టు వాది చూపలేదు.’

“హైదరాబాద్‌కి మారిస్తే?” అని మా ఆయన అడిగారు.

“వాయిదా వాయిదాకీ మీరు రాత్రంతా రైల్లో వెళ్లాలి. సాక్షుల్నీ తీసుకెళ్లాలి. నాలుగు వాయిదాలయ్యాక మీరే మానేస్తారు. వాళ్లకి కావలసింది అదే” అన్నారు లాయరుగారు. “ముందు ఈ అధికారం సంగతే తేలుస్తానన్నారు జడ్జిగారు. కాబట్టి మనకిప్పుడు తునిలో చదివిన మనిషి కావాలి.”

సెప్టెంబర్ 13

మూడు నెలలుగా మా ఊళ్లో ఎవరూ చదవలేదని నన్ను నేను సముదాయించుకుంటున్నాను. ఇప్పుడు చదివినవాళ్లని నేనే వెతుక్కోవాలి.

సెప్టెంబర్ 15

డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. కాఫీ ఇప్పించారు. “నేను చదివింది విశాఖపట్నంలో లోవమ్మా. పదకొండు, పన్నెండు అక్కడే మీటింగులో ఉన్నాను. కోర్టులో అబద్ధం ఆడలేను కదా” అన్నారు. నిజమే. హారతి చదివింది కాకినాడలో. మా ఆయన చదివింది తునిలోనే, మార్కెట్ దగ్గర స్తంభం ఎక్కబోతూ. ఆయన ఒక సాక్షి అవుతారు. కానీ లాయరుగారు పెదవి విరిచారు.

“మీరు నమ్మారా చంద్రరావుగారూ?”

“ఛ ఛ, నేనెందుకు నమ్ముతానండీ?”

“అదే చిక్కు. చదివి నమ్మనివాళ్ల దగ్గర ఆవిడ పరువు పోలేదంటారు. చదివి, నమ్మిన మనిషి కావాలి. పైగా బయటి మనిషి.”

దారిపొడుగునా మా ఆయన నమ్మనందుకు తప్పు చేసినవాడిలా తల దించుకుని నడిచారు. ఇలాంటి మొగుడు దొరికినందుకు తలుపులమ్మకి దణ్ణం పెట్టుకోవాలో, పనికిరాని సాక్షి దొరికాడని ఏడవాలో తెలియలేదు. చెయ్యి పట్టుకున్నాను. వీధిలో ఎప్పుడూ పట్టుకోలేదు.

సెప్టెంబర్ 18

వీధంతా తిరిగాను. ఏడిళ్లు. అందరూ కూర్చోబెట్టారు, మంచినీళ్లిచ్చారు. “అయ్యో, మేం చూళ్లేదమ్మా.” “మాకా ఫోన్లు తెలియవమ్మా.” “అయినా నీ గురించి ఎవరేం రాస్తే మాత్రం నమ్ముతామా?” అందరూ ఒకే మాట. చదవలేదన్నవాళ్లు, ఏం చదవలేదో మాత్రం అడగలేదు.

పాపాయి వదిన ఇంటికీ వెళ్లాను. మనవణ్ణి ఒళ్లో వేసుకుని ఉంది. లేవబోయింది. వద్దన్నాను. పిల్లాడు బాగున్నాడు. బొడ్డు చక్కగా మానింది. ఎత్తుకోమని ఆవిడ అనలేదు, నేనూ అడగలేదు.

“నువ్వేమైనా చదివావా వదినా?”

“నాకు ఫోన్లో చదవడం రాదు కదే లోవా.”

సరే, రాదు. వారపత్రిక అయితే చదువుతుంది. ఫోనులో అక్షరాలు చిన్నవి.

సెప్టెంబర్ 19

ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకోవడం ఆవిడకి నేర్పింది నేనే.

అక్టోబర్ 1

వాయిదా.

అక్టోబర్ 8

ఇవాళ మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నాను. గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డట్టనిపించి చూస్తే పాపాయి వదిన. లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడి, గోడకి చెయ్యి ఆనించుకుంది.

“నేను చదివేను లోవా.”

నేను లేవలేదు.

“మా అబ్బాయి బుల్లబ్బాయి ఫోన్‌కి వచ్చింది. పదకొండో తారీఖు పొద్దున్నే. మా గుమ్మంలో కూర్చుని చదివేను. రెండుసార్లు చదివేను. నమ్మేను.”

“ఎలా నమ్మావు వదినా?”

“ఫొటో నీదే కదే. ఆ నీలం చీర నేను నీ కూడా వచ్చి కొనిపించిందే కదా. అచ్చులో నీ మొహం కనపడేసరికి నా బుర్ర పనిచెయ్యలేదు. పావనిని కాకినాడ తీసుకెళ్లిపొమ్మని అబ్బాయికి చెప్పింది నేనే. వాడు వద్దన్నాడు. నేనే పట్టుబట్టేను.”

ఆవిడ మాట్లాడుతూనే ఉంది. నేను నేల వైపే చూస్తున్నాను.

“కాకినాడలో పిల్లాడు పుట్టగానే నర్సమ్మ తూకానికని తీసుకెళ్లింది. నేను వెనకాల పరిగెత్తేను. నా పిల్లాణ్ణి ఎక్కడికి తీసుకెళ్తున్నారు, ఎక్కడికి తీసుకెళ్తున్నారు అని అరుచుకుంటూ. అందరూ నన్నే చూసేరు. అప్పుడు గుర్తొచ్చింది. నా కూతురికి రెండు కాన్పులూ నువ్వే చేసేవు. ఆ రెండుసార్లూ పిల్లల్ని నీ చేతుల్లో పెట్టేసి నేను టీ తాగడానికి కిందకి వెళ్లిపోయేను. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు. ఆ వరండాలోనే కూలబడిపోయేను లోవా. ఏం మనిషినే నేను అనుకున్నాను.”

“మరి అప్పుడే ఎందుకు రాలేదు?”

“ఏ మొహం పెట్టుకుని రాను?”

తర్వాత ఆవిడే అంది. “లాయరుగారికి చదివిన మనిషి కావాలంటగా. హారతి మొన్న పావనితో ఫోన్లో అందిట. నేను వస్తాను. చెప్తాను.”

“ఊరందరి ముందూ చెప్పాలి వదినా. నమ్మానని.”

“తెలుసు.”

వెళ్లిపోయింది. కూర్చోమని కూడా అనలేదు నేను. ఆవిడ వచ్చి నిలబడడం పెద్ద సంగతే. నాకేం కోపం లేదు.

అక్టోబర్ 9

కోపం ఉంది.

అక్టోబర్ 30

వాయిదా. జడ్జిగారు సెలవు. పాపాయి వదిన వచ్చి కోర్టు వరండాలో పొద్దుటినుంచీ కూర్చుంది. నాకు రెండు బెంచీల అవతల.

నవంబర్ 19

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

పత్రిక తరఫున హైదరాబాద్ నుంచి సూర్యతేజ అని చిన్న వయసు లాయరు వచ్చాడు. మర్యాదస్తుడే. ముందు మా ఆయన్ని అడిగాడు. “మీరు చదివారు, నమ్మలేదు. అంటే మీ దృష్టిలో ఆవిడ గౌరవం ఏమీ తగ్గలేదు కదండీ?” మా ఆయన తడుముకోకుండా “ఇంకాస్త పెరిగిందండి” అన్నారు. కోర్టు హాల్లో నవ్వులు. మా మురళీకృష్ణ గారు నుదురు కొట్టుకున్నారు.

తర్వాత పాపాయి వదినని పిలిచారు. పెట్టెలో పెట్టిన మడతలు కనపడే కొత్త చీర కట్టుకుని వచ్చి బోనులో నిలబడింది. అరవై ఏళ్ల మనిషి, ఎప్పుడూ బోను ఎక్కి ఎరగదు.

“ఈ కథనం ఎక్కడ చదివారమ్మా?”

“మా ఇంట్లోనండి. తునిలో.”

“మీకు ఫోనులో చదవడం వచ్చా? రాదని వాదితో అన్నట్టు మీ అఫిడవిట్‌లో మీరే రాయించారు కదా?”

“అన్నానండి. అబద్ధం ఆడేను.”

“అప్పుడు అబద్ధం ఆడిన మీరు ఇప్పుడు నిజం చెబుతున్నారని ఎలా అనుకోవాలి? ఆవిడ మీ స్నేహితురాలు. ఆవిడ కేసు ఇక్కడ నిలబడాలని చెబుతున్నారు. అంతేనా?”

పాపాయి వదిన అతని వైపు తిరిగింది.

“స్నేహం కోసమైతే చదవలేదనే చెప్పేదాన్ని బాబూ. వీధిలో అందరూ అదే చెప్పేరు. ఆవిడ చేతుల్లో నా మనవల్ని పెట్టినదాన్ని, ఆవిడ పిల్లల్ని అమ్ముకుంటుందంటే నమ్మేనని ఇంతమంది ముందు చెప్పుకుంటున్నాను. అది నాకేం గొప్పండీ?”

అతను ఇంక ప్రశ్నలు లేవన్నాడు. జడ్జిగారే తల ఎత్తి, నెమ్మదిగా అడిగారు. “ఎన్నాళ్లు నమ్మారమ్మా?”

“ఇరవై ఎనిమిది రోజులండి.”

లెక్క చూసుకోకుండా చెప్పింది. పదకొండో తారీఖు నుంచి పిల్లాడు పుట్టిన రోజుదాకా. అప్పటికి కన్నీళ్లు చీర మీద పడుతున్నాయి, తుడుచుకోవడం లేదు. చేతులు రెండూ బోను కొయ్యని పట్టుకుని ఉన్నాయి.

తర్వాత మా లాయరుగారు ఎక్కువ మాట్లాడలేదు. “అయ్యా, వాళ్లే తుని నర్సు అని రాశారు. తుని పేరు పెట్టి రాసినప్పుడు తునివాళ్లు చదువుతారని తెలియదా? ఊరి పేరు రాయడానికి ఊరు కావాలి, ఆ ఊళ్లో జవాబు చెప్పడానికి మాత్రం వద్దంటే ఎలా?” అన్నారు.

బయటికి వచ్చాక పాపాయి వదిన మెట్లు దిగి, ఒక్కతే బస్టాండు వైపు నడిచింది. కాలు కొద్దిగా ఈడుస్తోంది. మోకాళ్ల నొప్పులు నిజంగానే ఉన్నాయన్నమాట.

నేను పిలవలేదు.

నవంబర్ 20

పిలవాల్సింది.

డిసెంబర్ 17

ఆర్డరు వచ్చింది. పత్రికవాళ్ల పిటిషన్ కొట్టేశారు. దావా తునిలోనే నడుస్తుంది, వాళ్లు ఇక్కడికి వచ్చి జవాబు చెప్పాలి. “ఇది గెలుపు కాదమ్మా, గుమ్మం తెరుచుకుంది అంతే. అసలు కేసు ఇక మొదలు” అన్నారు లాయరుగారు. అయినా ఆయన మొహం వెలిగిపోతోంది. మా ఆయన కోర్టు ఎదుట బండి మీద అందరికీ పునుగులు కొన్నారు.

సాయంత్రం డాక్టరుగారు ఫోన్ చేశారు. సోమవారం నుంచి డ్యూటీకి రమ్మన్నారు. వస్తానో రానో రేపు చెబుతానన్నాను. ఆవిడ “అలాగే లోవమ్మా” అన్నారు. ఇరవై రెండేళ్లలో ఆవిడకి నేను వెంటనే సరేనని అనకపోవడం ఇదే మొదలు.

డిసెంబర్ 18

ఆర్డరు కాపీ ఇంగ్లిషులో ఉంది. పది పేజీలు. హారతి పెన్సిల్‌తో పక్కన తెలుగు రాసి పెట్టింది. మధ్యాహ్నం అది పట్టుకుని పాపాయి వదిన ఇంటికి వెళ్లాను. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వెళ్లిపోయాను, ఎప్పట్లాగే. ఆవిడ చింతకాయలు దంచుతోంది. నన్ను చూసి రోకలి పక్కన పెట్టింది.

“నీ గురించి రాశారు వదినా. విను” అని పీట లాక్కుని కూర్చున్నాను.

చదివాను. ‘రెండవ సాక్షి తుని వాస్తవ్యురాలు. జూన్ పదకొండవ తేదీన తన నివాసంలో సదరు కథనాన్ని చదివినట్లు, దానిని నమ్మినట్లు, ఆ కారణంగా తన కోడలి ప్రసవాన్ని వేరే చోటికి మార్చినట్లు చెప్పినారు. తనకు అప్రతిష్ఠ తెచ్చే ఈ మాటలను ఆమె కల్పించి చెప్పవలసిన అవసరం ఈ కోర్టుకు కనిపించలేదు. వాది ప్రతిష్ఠకు హాని తునిలో జరిగినదనుటకు ఈ సాక్ష్యం చాలును.’

“ఇంకోసారి చదువు” అంది. చదివాను.

“అంతేనా?”

“అంతే.”

“నేను ఏడ్చినట్టు రాయలేదా?”

“రాయలేదు.”

“మంచిదే” అని చింతకాయల వైపు తిరిగింది. రోకలి తియ్యలేదు. భుజాలు కదులుతున్నాయి. నేను వెళ్లి వెనకనుంచి పట్టుకున్నాను. “నువ్వు నమ్మావు వదినా, నువ్వు నమ్మావు” అని అన్నాను, ఆర్నెల్లుగా అనలేని మాట. ఆవిడ నా చేతులు వదలకుండా “అవునే, నమ్మేను, నమ్మేను” అంటూనే ఉంది. లోపల పిల్లాడు లేచి ఏడిస్తే, పావని వాణ్ణి తెచ్చి, ఎవర్నీ అడగకుండా నా భుజం మీద వేసేసి పాలు కాచడానికి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

జడ్జిగారు రాయనిది నేను ఇక్కడ రాసుకుంటున్నాను. ఆవిడ కోర్టులో ఏడ్చింది. ఇవాళ ఇంట్లోనూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.